రేకు తొట్టెలో నీటి పైపొర

పొడవు 70 సెంటీమీటర్లు, వెడల్పు 5, లోతు 2. రేకుతో చేసిన తొట్టె. అంచులదాకా నీళ్లు. తొట్టెకు అడ్డంగా ఒకటిన్నర సెంటీమీటరు వెడల్పు రేకు పట్టీ, ముందువైపు ఒక స్కేలు. ఉపరితల రసాయనశాస్త్రంలో ఇంత తక్కువ సరంజామాతో ఇంత రాబట్టిన పరికరం మరొకటి ఉందనుకోను.

చేసినావిడ జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో ఉండే ఆగ్నెస్ పోకెల్స్. ఆడపిల్లలకు యూనివర్సిటీ తలుపులు మూసి ఉన్న రోజులు. భౌతికశాస్త్రం చదువుతున్న తమ్ముడు ఫ్రిట్జ్ పంపే పుస్తకాలే ఆమెకు కాలేజీ. ఈ కథ చెప్పేవాళ్లంతా వంటింట్లో గిన్నెలు తోముతూ కనిపెట్టిందని ముచ్చటపడతారు గానీ, పరికరాన్ని చూడరు. చూడాల్సింది దాన్నే.

ముందు నీళ్ల మట్టం. అంచుకు ఏమాత్రం తగ్గినా పట్టీ అడుగుభాగం నీటిని తాకదు, పైపొర రెండుగా విడిపోదు. నిండుగా ఉంటే పట్టీని ఎటు జరిపితే అటు విస్తీర్ణం తగ్గుతుంది, ఇటు పెరుగుతుంది. ఎంతన్నది స్కేలు చెబుతుంది. ఇక శుభ్రత. నీటి మీద కంటికి ఆనని జిడ్డు ఉన్నా తలతన్యత లెక్కలు తారుమారవుతాయి. ఈ మాలిన్యం అప్పటి పరిశోధకుల్ని సతాయించేది. పోకెల్స్ పట్టీని ఒక కొసనుంచి జరుపుకుంటూ పోతుంది. జిడ్డంతా ముందుకు పోతుంది, వెనకాల తాజా నీటి ముఖం తేలుతుంది. ఊడ్చేదీ కొలిచేదీ ఒకే పట్టీ!

తలతన్యతకు వేరే ఏర్పాటు: 6 మిల్లీమీటర్ల బిళ్లను నీటికి ఆనించి, పొడవు తేడా ఉన్న చేతుల తేలికపాటి త్రాసుతో పైకి లాగడం. జారుడు బరువు ఎక్కడికి చేరితే బిళ్ల ఊడివస్తుందో అదే కొలత.

ఫలితం విచిత్రం. జిడ్డు ఉన్న పైపొరను పట్టీతో కుదిస్తూ పోతే, చాలాసేపు తలతన్యత మారదు. ఒక హద్దు దాటగానే చరచరా పడిపోతుంది. 1891 జనవరిలో ఈ సంగతంతా ఇంగ్లండ్‌లోని భౌతికశాస్త్రవేత్త లార్డ్ రేలీకి జర్మన్‌లో ఉత్తరం రాసింది. ఆయన భార్య అనువదించారు. ఆయన దాన్ని ‘నేచర్’కు పంపితే మార్చి 12న అచ్చయింది.

ఆ హద్దు దగ్గర పొర మందం ఒక్క అణువేనని రేలీ 1899లో అన్నాడు. అణువుల భంగిమను తేల్చింది 1917లో అమెరికన్ రసాయనశాస్త్రవేత్త లాంగ్‌మ్యూర్. ఇలాంటి పొర కట్టే రెండు కొవ్వు ఆమ్లాలను చూడండి: పామిటిక్ ఆమ్లంలో 16 కార్బన్లు, స్టియరిక్‌లో 18. అణువులు పడుకుని ఉంటే పొడుగ్గా ఉన్నది ఎక్కువ చోటు తీసుకోవాలి. కానీ రెండూ అణువుకు దాదాపు 20 చదరపు ఆంగ్‌స్ట్రామ్‌లే తీసుకుంటాయి. అంటే వైకుంఠ ఏకాదశి క్యూలో జనంలా ఒరుసుకుని నిలువుగా నిలబడ్డాయన్నమాట. ఆమ్లపు తల నీళ్లలో, కార్బన్ల తోక గాల్లో.

లాంగ్‌మ్యూర్ త్రాసును మార్చి, పొర తోసే ఒత్తిడిని నేరుగా కొలిచాడు. పరికరానికి ఆయన పేరే స్థిరపడింది. నేటి ప్రయోగశాలల్లో తొట్టె టెఫ్లాన్‌ది, పట్టీని మోటారు జరుపుతుంది. టెఫ్లాన్‌కు నీళ్లు అంటవు కనుక మట్టం అంచుకు కాస్త పైకే ఉబ్బి నిలుస్తుంది.