పేగు దారి చూపే తెల్లమందు

ఆలంపూర్ చుట్టుపక్కల ఊళ్లలో కడుపునొప్పి ఎంతకూ తగ్గకపోతే తుంగభద్ర దాటి కర్నూలు పోతారు. అన్నం తిన్న కాసేపటికి బొడ్డు చుట్టూ మెలిపెడుతుంది, కడుపు ఒకచోట ఉబ్బెత్తుగా లేస్తుంది, గుడగుడమని చప్పుడై సద్దుమణుగుతుంది. ఈ మూడూ వరసగా చెబితే అనుభవమున్న డాక్టరు గ్యాస్ మాత్ర రాసి పంపేయడు. చిన్నపేగు ఎక్కడో సన్నబడిందేమోనని అనుమానిస్తాడు.

చిన్నపేగు పొడవు సుమారు 6 మీటర్లు. మామూలు ఎండోస్కోపీ పైనుంచి కొద్ది దూరమే వెళ్తుంది. కొలనోస్కోపీ కింది నుంచి చివరి కొసను మాత్రమే అందుకుంటుంది. మధ్యదంతా చాలాకాలం ఎక్స్‌రేకే వదిలేశారు. 1910 ప్రాంతంలో బేరియం సల్ఫేట్ వాడుకలోకి వచ్చాక ఆ దారి కనబడసాగింది. మనవాళ్లు 'తెల్లమందు తాగించి తీసే ఎక్స్‌రే' అనేది దీన్నే. పరగడుపున తాగించి, మందు పేగులో దిగుతున్నకొద్దీ కొంత వ్యవధితో ఫిల్ములు తీస్తారు. పెద్దపేగు మొదలయ్యే చోటికి చేరేదాకా ఆగాలి. ఒక్కోసారి గంటలు పడుతుంది.

ఈ పరీక్ష విలువంతా ఆ ఓపికలోనే ఉంది. పేగు నిలకడగా ఉండదు, ముడుచుకుంటుంది, విచ్చుకుంటుంది. ఒక్క ఫిల్ములో సన్నగా కనిపించినంత మాత్రాన జబ్బు అనలేం. రేడియాలజిస్టు పొట్టను మెల్లగా అదిమి, ఒకదానిమీద ఒకటి పడ్డ మెలికలను విడదీసి, తెర మీద మళ్లీ మళ్లీ చూస్తాడు. ప్రతిసారీ అదే చోట, అంతే సన్నగా ఉండి, దాని పైభాగం ఉబ్బి ఉంటే అప్పుడది నిజమైన ఇరుకు. పుండు పడ్డ గుంటలో మందు నిలిచి చుక్కలా కనిపిస్తుంది. పుండు లోతైతే అంచు దాటి ముల్లులా పొడుచుకొస్తుంది.

మన దేశంలో ముందుగా గుర్తుకు రావాల్సింది పేగు క్షయ. దాని పుండ్లు ఎక్కువగా పేగుకు అడ్డంగా, చుట్టూ పాకుతాయి. అందుకే మానేటప్పుడు మొలతాడు బిగించినట్టు పొట్టి ఇరుకు ఏర్పడుతుంది. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోటు దీనికి అలవాటైన స్థానం. అక్కడి సీకం, అంటే పెద్దపేగు మొదటి భాగం, ముడుచుకుపోయి పైకి లాగినట్టు కనిపిస్తుంది. 1932లో బరిల్ క్రోన్, ఆయన సహచరులు వర్ణించిన క్రోన్స్ జబ్బులో పుండ్లు తరచూ నిలువుగా సాగుతాయి, మధ్యలో బాగున్న పేగును వదిలి మళ్లీ మొదలవుతాయి. మోకాళ్ల నొప్పులకు ఏళ్లతరబడి మాత్రలు మింగినవాళ్లలో పల్చటి పొరలు అడ్డుకట్టినట్టు వచ్చే ఇరుకులు వేరు. వీటిని ఫిల్ములో పట్టుకోవడం చాలా కష్టం.

ఇప్పుడు సీటీ ఎంటరోగ్రఫీ వచ్చింది. మానిటాల్ కలిపిన నీళ్లు లీటరుకు పైగా తాగించి స్కాన్ చేస్తే పేగు గోడ మందం, పక్కనున్న గ్రంథులు కూడా తెలుస్తాయి. గ్రంథి నడుమ నల్లగా, అంచు తెల్లగా ఉంటే క్షయ వైపు మొగ్గు. పదేపదే చూడాల్సిన చిన్న వయసువాళ్లకు ఎమ్మారై మేలు, అందులో రేడియేషన్ లేదు. మింగే కెమెరా క్యాప్సూల్ చిన్న పుండ్లను బాగా చూపుతుంది గానీ ఇరుకు ఉంటే అక్కడే ఇరుక్కుపోవచ్చు. కాబట్టి అనుమానం ఉన్నప్పుడు ముందు ఇరుకు సంగతి తేల్చుకోవాలి. పేగు చిల్లు పడిందన్న అనుమానం ఉంటే బేరియం తాగించకూడదు.

సీటీ ఉంది కదా అని బేరియం నేర్పును వదిలేయడం నాకు సమ్మతం కాదు. పేగు కదలికను కళ్లారా చూసి తీర్పు చెప్పే అలవాటు అక్కడే అబ్బుతుంది. అయినా ఏ బొమ్మా ఒంటరిగా క్షయ అనో క్రోన్స్ అనో ఖాయం చేయలేదు. వీలైతే పేగు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించాలి. క్షయకు కోర్సు వాడాక మళ్లీ చూసి, పుండు మానిందా, ఇరుకు విచ్చుకుందా అని పాత బొమ్మతో పోల్చాలి. మచ్చకట్టి బిగుసుకుంటే మందులతో విచ్చుకోదు, ఆపరేషన్ అవసరం కావచ్చు.

అందుకే పాత ఫిల్ములు పారేయకండి. స్కాన్‌కు వెళ్లేటప్పుడు వాటితోపాటు, వాడుతున్న నొప్పి మాత్రల చీటీలు కూడా డాక్టరుకు చూపించండి.