ఇస్పేటు ఏడు రెండూ పోయినాయి

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర రోజులు. మా బంధువుల మిద్దె మీద చాప పరిచి, చింతగింజలు పందెం పెట్టుకుని పెద్దలు రమ్మీ ఆడుతున్నారు. నాకప్పుడు పదేళ్లుంటాయేమో. పెద్దనాయన తన ముక్కలు మూసి, ఎదురుగా ఉన్న మామను కసిరినాడు: "ఇస్పేటు ఏడు రెండూ పోయినాయి గదరా, ఆ ఆరూ ఎనిమిదీ ఎవురి కోసం పట్టుకోని కూచున్యావు?"

మామ బిత్తరపోయినాడు. ఆయన చేతిలో నిజంగానే ఆ రెండు ముక్కలూ ఉన్నాయి.

ఎట్లా తెలిసిందో పెద్దనాయన తర్వాత విడమరిచి చెప్పినాడు. రమ్మీలో రెండు కట్టలు కలుపుతారు గనుక ప్రతి ముక్కా రెండుసార్లుంటుంది. మామ ఇస్పేటు ఎనిమిది ఎత్తుకున్నాడు. వేరే రంగు ఎనిమిది తన ముందే పడినా ముట్టలేదు. అంటే ఒకే అంకె ముక్కల సెట్టు కోసం కాదు, ఒకే రంగు వరుస కోసం. ఇస్పేటు తొమ్మిదులు రెండూ అంతకుముందే పోయినాయి. ఏడుల్లో ఒకటి మొదట్లోనే పడింది. రెండోది వేరేవాళ్లు వేస్తే, మామ వంతు రాకముందే దాని మీద ఇంకో ముక్క పడింది. ఇక ఎనిమిదికి జతగా ఆయన దగ్గర ఉండేది ఆరే. ఆరు, ఎనిమిది పట్టుకున్నవాడికి నడిమి ఏడు రావాలి, కట్టల్లో ఉండేవి రెండే. ఆరు, ఏడు పట్టుకుంటే ఐదు వచ్చినా ఎనిమిది వచ్చినా సరే, నాలుగు ముక్కలు అతని కోసం ఎదురుచూస్తుంటాయి. ఈ లెక్క తెలియనివాడు అదృష్టాన్ని తిట్టుకుంటూ కూర్చుంటాడు.

ఈ విద్యకు సుప్రీంకోర్టు గుర్తింపు ఉంది, అదీ తెలుగునేల మీద పుట్టిన కేసులోనే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నారని పోలీసులు పెట్టిన కేసు ఢిల్లీ దాకా వెళ్లింది. 1967లో కోర్టు తేల్చి చెప్పింది: మూడుముక్కలాటలాగా రమ్మీ పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదు, పడిన ముక్కల్ని గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి ఇది ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట. అదే తీర్పులో, ఆట పెట్టించేవాడు దాని మీద లాభం తీస్తే అది నేరమవుతుందని కూడా చెప్పింది. ఈ రెండో మాటను మనవాళ్లు సౌకర్యంగా మరిచిపోతారు.

మా పెద్దనాయన విద్యే ఒకణ్ని ప్రపంచ విజేతను చేసింది. న్యూయార్క్ కుర్రాడు స్టూ ఉంగర్ మొదట ఆడింది జిన్ రమ్మీ, అంటే మన ఆటకు దాయాది. అతనితో ఆడితే ఓడిపోవడం ఖాయమని తెలిసి, చివరికి ఎదురు కూర్చునేవాళ్లే కరువయ్యారు. అందుకే పోకర్‌కు మళ్లాడు. లాస్‌వేగాస్‌లో బెన్నీ బినియన్ తన హార్స్‌షూ క్యాసినోలో 1970లో మొదలుపెట్టిన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో 1980, 1981లలో వరుసగా గెలిచాడు. మొదటి ఏడాది, 1970లో, విజేత జానీ మాస్‌ను ఆటగాళ్లే ఓట్లేసి ఎన్నుకున్నారు. చిట్టచివరి మనిషి మిగిలేదాకా ఆడే పద్ధతి మరుసటి ఏడాది వచ్చింది.

అక్కడ ఆడేది టెక్సాస్ హోల్డెమ్. ఒక్కొక్కరికి రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు. ఎత్తుకునేది లేదు, వదిలే ముక్క లేదు. మరి ఏం గుర్తుపెట్టుకోవాలి? మనిషిని. ఎప్పుడు ఎంత కాశాడు, ఎంతసేపు ఆలోచించాడు, లేనిదాన్ని ఉన్నట్టు నటిస్తున్నాడా. మన సీమవాళ్లకు ఇది కొత్త కాదు. పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టి బేరమాడే దళారిని చూడండి, ముఖం రాయిలా ఉంటుంది. ఆదోని పత్తి మార్కెట్‌లో పింజ లాగి చూసే వ్యాపారి, సరుకు ఎంత నచ్చినా కనురెప్ప కదపడు.

ఆ ఓర్పుకు నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ 1988 వరల్డ్ సిరీస్ చివరి ఆట. పొగతాగేవాళ్ల మధ్య కూర్చోవాల్సి వచ్చినందుకు చేతిలో నారింజపండు పెట్టుకుని వాసన చూసుకునే జానీ చాన్ ఒకవైపు, ఎరిక్ సీడెల్ మరోవైపు. బల్ల మీద రాణి, పది, ఎనిమిది పడ్డాయి. చాన్ చేతిలో జాకీ, తొమ్మిది. మొదటి మూడు ముక్కలకే వరుస కుదిరిపోయింది. అయినా తనకేమీ లేనట్టు పందెం పెంచకుండా ఊరుకున్నాడు. రాణుల జత ఉన్న సీడెల్ ధైర్యంగా ఉన్నదంతా కాశాడు. ఆట ముగిసింది. చాన్‌కు అది వరుసగా రెండో విజయం.

నేర్పొక్కటే గెలిపిస్తుందంటే మాత్రం అబద్ధం. 1976 చివరి ఆటలో డాయిల్ బ్రన్సన్ చేతిలో ఇస్పేటు పది, ఇస్పేటు రెండు. ఎదుటి జెస్సీ ఆల్టో చేతిలో ఆసు, జాకీ. బల్ల మీద ఆసు, జాకీ, పది పడ్డాయి. అప్పటికి ఆల్టోదే పైచేయి. తర్వాత రెండు, ఆఖర్న పది పడి, మూడు పదులు, రెండు రెండ్లతో బ్రన్సన్‌కు ఫుల్ హౌస్ వచ్చింది, 2,20,000 డాలర్లు వచ్చాయి. 1977లో కూడా పది, రెండు పట్టుకునే గెలిచాడు. ఆ జతకు ఈనాటికీ డాయిల్ బ్రన్సన్ అనే పేరు. అంతటి ఘనుడి కీర్తి కూడా ఆఖరి ముక్క చలవే.

ఉంగర్ కథ నన్ను మరీ బాధపెడుతుంది. 1997లో మూడోసారి గెలిచాడు. మాదకద్రవ్యాలు, పందేలు సంపాదనంతా మింగేశాయి. 1998 నవంబరులో లాస్‌వేగాస్‌లోని ఒక మోటెల్ గదిలో 45 ఏళ్లకే చనిపోయాడు. అంత్యక్రియలకు తోటి ఆటగాళ్లు చందాలు వేసుకున్నారు. అంతటి జ్ఞాపకశక్తి ఉన్నవాణ్ని పందెమే తినేసింది.

ఆ తర్వాత రమ్మీ సెల్‌ఫోన్‌లోకి వచ్చింది. ఎదుటివాడి ముఖం లేదు, గదిలో మందలించే పెద్దనాయన లేడు, రాత్రికి రాత్రి ఖాతాలు ఖాళీ అయ్యాయి. ఆంధ్రప్రదేశ్ 2020లో, పార్లమెంటు 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించడం సబబేనని నా నమ్మకం. ఆ నిషేధంతో పాటు ఆ చాప మీది విద్య కూడా పోకూడదన్నదే నా దిగులు. ఈసారి జాతరకు చుట్టాలొచ్చినప్పుడు చింతగింజలు పెట్టుకుని ఒక ఆట వేయండి. షో అయ్యాక పక్కనున్న పిల్లల్ని, ఏ ముక్కలు కింద పడ్డాయో వరుసగా చెప్పమనండి.