వేలి కొన కోసేయడం వైద్యం కాదు

జనగామ జిల్లా చిల్పూర్ మండలంలో గడ్డి కత్తిరించే మిషన్‌లో చెయ్యి పడ్డ రైతుకైనా, జిన్నింగ్ మిల్లులో బెల్టుకు చిక్కిన కూలీకైనా తరచూ జరిగే వైద్యం ఒక్కటే. బయటికి కనబడే ఎముకను కొరికేస్తారు, మిగిలిన చర్మాన్ని దగ్గరికి లాగి నాలుగు కుట్లు వేస్తారు. పుండు మానుతుంది, వేలు మాత్రం పొట్టిదైపోతుంది. గోరుకు కింద ఎముక ఆసరా లేక అది కొక్కెంలా వంగి, ముట్టుకుంటే ప్రాణం పోయినంత పని చేస్తుంది. రెండు మూడు మిల్లీమీటర్ల ఎడంలో గుచ్చుకున్న రెండు మొనల్ని కళ్లు మూసుకుని కూడా వేర్వేరుగా పోల్చుకోగల చోటు వేలి కొన. పత్తి ఏరే చేతికీ, ఇదే జిల్లా పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మ లేపే చేతికీ ఆ కొనే ఆధారం. పొట్టి చేసి పంపిన వేలితో పాటు పనితనమూ పోతుంది.

దీనికి సరైన జవాబు ఫ్లాప్. రక్తనాళం తెగకుండా పక్కనున్న చర్మాన్నీ కొవ్వునూ కలిపి జరిపి గాయాన్ని కప్పే విద్య ఇది. చెంప చర్మంతో ముక్కు కట్టిన సుశ్రుతుడి కాలం నుంచీ మనవాళ్లకు తెలిసిన సూత్రమే. ఇటలీలో ట్రాంక్విల్లీ లియాలి 1935లో, అమెరికాలో అటసోయ్ బృందం 1970లో చెప్పిన వి-వై పద్ధతిని చూడండి. వేలి లోపలివైపు త్రిభుజం గీస్తారు. దాని వెడల్పు గోటి అడుగంత, మొన చివరి కణుపు గీత దగ్గర. చర్మాన్ని ఎముకకు పట్టి ఉంచే సన్నని పోగుల్ని మాత్రమే చిన్న కత్తెరతో తెంచుతారు, నరాలనూ రక్తనాళాలనూ తాకరు. త్రిభుజం సెంటీమీటరు దాకా ముందుకు జరుగుతుంది, వెనక మిగిలిన సందును వై ఆకారంలో కుడతారు. రక్తం ఆపడానికి వేలికి బిగించిన పట్టీ విప్పగానే తెల్లబడిన ముక్క గులాబీ రంగుకు తిరిగితే అదీ పనితనం! కోత లోపలివైపు ఏటవాలుగా పడి కండ పోతే ఈ ఎత్తు పారదు. అప్పుడు పక్కవేలి వెనుక చర్మాన్ని తలుపులా తెరిచి గాయం మీద వాల్చి, రెండు మూడు వారాల తర్వాత విడదీస్తారు. అరచేతిలో బొటనవేలి మిట్ట నుంచి చర్మం తీసే పద్ధతిని గేట్‌వుడ్ 1926లో చెప్పాడు. బొటనవేలికైతే స్వీడన్ మహానుభావుడు మోబెర్గ్ 1964లో చూపిన దారి ఉంది. రెండు నరాల కట్టలతో సహా లోపలి చర్మమంతా ముందుకొస్తుంది, స్పర్శ చెక్కుచెదరదు.

చిన్న గాయానికి ఇంత హంగామా ఎందుకని కొందరంటారు. ఎముక బయటపడకపోతే వాళ్లన్నది నిజమే. తడి ఆరని కట్టుతో ఆ గాయం తనంతట తానే బాగా మానుతుంది, పిల్లల్లో మరీనూ. అక్కడ కత్తి పట్టకపోవడమే నేర్పు. పక్కవేలి చర్మం వాడితే మంచి వేలిని కూడా గాయపరుస్తారు, పెద్ద వయసువాళ్ల కణుపులు బిగుసుకుపోతాయి అన్నదీ కొట్టిపారేసే మాట కాదు. అందుకే ఎవరికి ఏది తగునో తేల్చే సర్జన్ కావాలి. రోజు కూలీ మీద బతికేవాడు వారాల తరబడి ఇంట్లో కూర్చోలేడన్న అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. కాని వి-వై ఒక్క విడతలో, వేలికి మాత్రమే మత్తిచ్చి అయిపోతుంది. అదీ దొరకకుండా చేసి పేదవాడి తొందరను సాకుగా చూపడం అన్యాయం.

అసలు లోపం నేర్పుకు విలువివ్వకపోవడమే. పావుగంటలో ఎముక కొరికి పంపినా, గంటసేపు భూతద్దం పెట్టుకుని నరం కాపాడినా మన లెక్కల్లో రెండూ “వేలికి కుట్లే”. హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియాల్లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. ఆ విద్య జిల్లా ఆసుపత్రి దాకా రావాలి, యువ డాక్టర్లకు వి-వై అయినా చేతికి అలవడాలి. చదువరులకు ఒక్క మాట: వేలు తెగితే పసుపు, కాఫీ పొడి అద్దకండి. తెగిన ముక్కను శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని మంచు మీద ఉంచండి, ముక్కకు మంచు నేరుగా తగలనీయకండి. ఎముక కొరికే ముందు “ఫ్లాప్ వేయడం కుదరదా?” అని డాక్టర్ని అడగండి.