తనంతట తానే మూసుకునే మూత

2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి జిల్లా రాజంపేట మండలాన్ని ముంచెత్తిన వాన ఇప్పట్లో మరిచిపోయేది కాదు. మండలంలోని అర్గొండలో ఒక్క రోజు వ్యవధిలోనే 40 సెంటీమీటర్లకు పైగా నమోదైంది. ఇక్కడ ఏడాది పొడవునా పడే వానలో అది మూడో వంతుకు మించి ఉంటుంది. చెరువులు, రోడ్లు, పంటల నష్టం గురించి అందరూ మాట్లాడారు. ఆ వానలో ఆరుబయట నిలిచిన ట్రాక్టర్ల గురించి, వాటి బానెట్ మీద ఆకాశం వైపు నోరు తెరుచుకుని ఉండే సైలెన్సర్ల గురించి కూడా ఒక లెక్క వేసి చూడాలి.

లోపలి వ్యాసం 6 సెంటీమీటర్లున్న గొట్టం అనుకుందాం. దాని నోటి వైశాల్యం సుమారు 28 చదరపు సెంటీమీటర్లు. 40 సెంటీమీటర్ల వాన నిలువునా పడితే ఆ నోట్లోకి 1,100 మిల్లీలీటర్లకు పైగా, అంటే లీటరు దాటి నీళ్లు దిగుతాయి. మన లారీలకు పొగ గొట్టం ఎక్కువగా ఛాసిస్ కింద అడ్డంగా పోతుంది కాబట్టి వాటికి ఈ బాధ లేదు. ట్రాక్టర్లకు, వరి కోత మిషన్లకు, క్యాబిన్ వెనక నిలువు గొట్టం ఉన్న టిప్పర్లకు, రైస్ మిల్లుల జనరేటర్లకు ఉంది. అమెరికా రహదారుల మీద క్యాబిన్ వెనక నిలువు గొట్టాలతో తిరిగే పెద్ద ట్రక్కులదీ ఇదే బాధ. దీనికి మనుషులు కనిపెట్టిన జవాబుల్లో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది అరచేతిలో ఇమిడే ఒక కీలు మూత. మెకానిక్కులు దాన్ని రెయిన్ క్యాప్ అంటారు.

ఆ మూత విలువ తెలియాలంటే నీళ్లు లోపలికి పోయి ఏం చేస్తాయో ముందు తెలియాలి. ఇంజన్ నడుస్తున్నంతసేపు భయం తక్కువ. పెద్ద వాన చినుకు సెకనుకు సుమారు 9 మీటర్ల వేగంతో పడుతుంది. పొలంలో కరిగెట చేసే ట్రాక్టర్ గొట్టంలోంచి పొగ అంతకు రెండు మూడింతల వేగంతో పైకి తన్నుకొస్తుంది కాబట్టి చినుకు లోపలికి దిగలేదు. ఐడిలింగ్‌లో ఆ వేగం పడిపోయినా, లోపలి వేడికి పడిన నాలుగు చుక్కలూ ఆవిరైపోతాయి. ముప్పంతా బండి ఆగాకే మొదలవుతుంది.

ఆగిన బండిలో నీళ్లు మొదట సైలెన్సర్ గుల్లలో చేరతాయి. అక్కడ పేరుకున్న మసిలో గంధకపు అవశేషాలుంటాయి. అవి తడితో కలిస్తే ఆమ్లమై రేకును లోపలి నుంచి తింటాయి. 2020 ఏప్రిల్ నుంచి డీజిల్లో గంధకం 10 పీపీఎంకు తగ్గడంతో ఆ బాధ కొంత తగ్గింది కానీ, నీళ్లకూ ఇనుముకూ ఉన్న పాత పగ ఎక్కడికీ పోలేదు. గుల్ల నిండాక నీళ్లు మానిఫోల్డ్ వైపు నడుస్తాయి. టర్బో ఉన్న ఇంజన్లో ముందు దాన్ని తడుపుతాయి. ఆగిన ఇంజన్లో ఏదో ఒక సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకుని ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. అదే నీళ్లకు చివరి ద్వారం.

ఇక్కడ రెండో లెక్క. మూడు సిలిండర్ల రెండున్నర లీటర్ల ఇంజన్లో ఒక్కో సిలిండర్ సుమారు 830 సీసీ. కంప్రెషన్ 18:1 అయితే, పిస్టన్ పైకొచ్చి నిలిచినప్పుడు దాని తలమీద మిగిలే జాగా దాదాపు 50 సీసీ. ఒక చిన్న కప్పు చాయ్ అంత కూడా కాదు. గాలి నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. ఆ కాస్త జాగాకు మించి నీళ్లుంటే, పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే పిస్టన్ గోడను గుద్దుకున్నట్టు ఆగిపోతుంది. జోరుగా తిరిగితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అంత దాకా రాకపోయినా, వారాల తరబడి తడిలో ఉన్న రింగులు, లైనరు తుప్పుతో అతుక్కుని ఇంజన్ సీజ్ అవుతుంది. సగటు రైతు ఇంట్లో ఇంజన్ విప్పించడమంటే ఒక యాసంగి మిగులు మొత్తం పోయినట్టే.

ఊళ్లలో దీనికి పాత ఉపాయాలున్నాయి. ట్రాక్టర్ ఆపగానే గొట్టం మీద ఖాళీ డబ్బానో, పాత స్టీలు గ్లాసునో బోర్లిస్తారు. చవకైన ఉపాయం, పనిచేసే ఉపాయం. దాని బలహీనత మనిషి జ్ఞాపకంలోనే ఉంది. అలసిపోయి ఇంటికొచ్చిన రోజున, మబ్బు లేని రాత్రిన, పక్క ఊరి కూలికి పోయి అక్కడే నిలిపినప్పుడు డబ్బా గుర్తుండదు. వాన అలాంటి రోజునే ఎంచుకుంటుందని కాదు, దానికి ఏ రోజైనా ఒకటే.

గొట్టం చివరను ఏటవాలుగా కోయడం ఇంకో పద్ధతి. చూడటానికి బాగుంటుంది, ఈదురుగాలితో ఒక దిక్కు నుంచి కొట్టే జల్లును కొంత ఆపుతుంది. నిలువు వానకు మాత్రం తేడా లేదు. ఎంత వాలుగా కోసినా, నెత్తిమీంచి చూస్తే అదే గుండ్రటి నోరు కనిపిస్తుంది. గొట్టాన్ని వంచడం అంతకంటే నయం. పైనుంచి చూసినప్పుడు లోపలి చీకటి కనపడనంతగా వంగితే వాన దిగలేదు. కదిలే భాగం ఏదీ లేని ఆ వంపు గౌరవించదగ్గ పనితనమే. కాకపోతే పొగ ఆకాశానికి పోకుండా పక్కకు పోతుంది, ఆ పక్కన మనిషో, గోడో, చెట్టో ఉంటుంది. రైస్ మిల్లులో జనరేటర్ విషయంలో అది అసలు కుదరదు. దాని గొట్టం భవనం కంటే కేవీఏ వర్గమూలంలో 0.2 వంతు మీటర్ల ఎత్తు ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సూత్రం. 100 కేవీఏ జనరేటర్ అయితే 2 మీటర్లు. పొగను పైకి, దూరంగా పంపడమే ఆ ఎత్తు ఉద్దేశం. పైగా జనరేటర్ ఏడాదిలో ఎక్కువ రోజులు ఊరకే ఉండే యంత్రం, అంటే వానకు నోరు తెరుచుకుని ఉండే రోజులే ఎక్కువ.

ఇప్పుడు ఆ మూత దగ్గరికి వద్దాం. దాంట్లో ఉన్నవి నాలుగే: గొట్టాన్ని చుట్టి బోల్టుతో బిగించే పట్టీ, ఒక పిన్ను, ఆ పిన్ను మీద లేచే గుండ్రటి మూత, మూతకు అవతలి వైపు తోకలా పొడుచుకొచ్చిన ఎదురు బరువు. స్ప్రింగు లేదు, వైరు లేదు, డ్రైవర్ ముట్టాల్సిన మీట లేదు. ఇంజన్ ఊపిరి తగిలితే మూత లేస్తుంది, ఊపిరి ఆగితే తన బరువుకే పడిపోతుంది.

ఆ సులువు వెనక ఉన్న తూకం చూడండి. మూత బరువుగా ఉంటే పొగ దాన్ని మోయలేక వెనక్కి ఒత్తుతుంది, ఇంజన్ బలం తగ్గుతుంది. మరీ తేలికైతే గాలికి లేచి వాన లోపలికొస్తుంది. అందుకే ఎదురు బరువు మూత బరువులో చాలా భాగాన్ని తీసేసి, కాస్త మాత్రం మిగులుస్తుంది. ఆ మిగిలిన కాస్తే దాన్ని మూసేది. మూడు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 750 చుట్లతో ఐడిలింగ్‌లో ఉంటే సెకనుకు దాదాపు 19 సార్లు పొగ తోపు వస్తుంది. సైలెన్సర్ దాన్ని మెత్తబరిచినా మూతకు ఆ దడ తెలుస్తుంది. ఇంజన్ ఆపకుండా నిలిపిన ట్రాక్టర్ దగ్గర వినిపించే టకటక అదే. రేజ్ పెంచగానే మూత పైకి లేచి నిలబడి మాట్లాడటం ఆపేస్తుంది.

అంతకంటే ముచ్చటైన పని ఆ మూత ఎంతవరకు లేవాలన్న హద్దులో ఉంది. నిలువు గీత దాటి వెనక్కి వాలిందంటే ఇక పడదు, తెరిచే ఉండిపోతుంది. అందుకని మంచి పనివాడు తోక పట్టీకి తగిలేలా చేసి, నిలువుకు కాస్త ముందే మూతను ఆపుతాడు. ఎంత జోరుగా లేచినా దాని బరువు ఎప్పుడూ మూసుకునే వైపే ఉంటుంది. చేసేవాడు యంత్రం నడిచే ఘడియ గురించే కాక అది ఆగే ఘడియ గురించీ ఆలోచించాడని అక్కడ తెలుస్తుంది.

పిన్ను రంధ్రంలో కొంచెం వదులుంటుంది. చూసినవాళ్లు దాన్ని నాసి పని అనుకోవచ్చు. వేడికి ఇనుము సాగుతుంది, మసి దూరుతుంది, వానకు తుప్పు పడుతుంది. బిగుతుగా అమర్చిన కీలు ఇవన్నీ తట్టుకోలేక ఒక వానాకాలంలోనే పట్టేస్తుంది. ఆ వదులు తెలిసి విడిచినదే. మూత అంచు కూడా గాలి చొరబడనంత బిగుతుగా కూర్చోదు. డీజిల్ మండితేనే నీరు పుడుతుంది, లీటరు డీజిల్‌కు దాదాపు లీటరు నీరు ఆవిరిగా పోతుంది. బండి ఆపాక లోపల మిగిలిన ఆ తేమ బయటికి పోవడానికి సందు కావాలి. వానను ఆపి ఆవిరిని వదిలే ఆ కొలత చిన్న విషయం కాదు. గొట్టం అడుగు వంపులో ఒక సన్నటి రంధ్రం కూడా ఉంటే, తప్పించుకుని దిగిన నీళ్లు అక్కడే కారిపోతాయి.

బిగించే దిక్కులోనూ ఆలోచన ఉంది. లేచిన మూత పొగను కీలుకు ఎదురు దిక్కుకు తోస్తుంది. సీటు ముందు గొట్టం ఉన్న ట్రాక్టర్‌లో కీలు డ్రైవర్ వైపు ఉంటే, మూత అతనికీ పొగకూ మధ్య నిలబడుతుంది. రోడ్డు మీద వేగంగా పోయే బండికి కీలు ముందుంటే, ఎదురుగాలి మూతను మూసే వైపు ఒత్తుతుందే తప్ప వెనక్కి విరవదు. ఒకే వస్తువు, పనిని బట్టి రెండు రకాల అమరిక.

ఇంత చిన్న వస్తువును ఇంత మెచ్చుకోవడానికి కారణం ఒక్కటే. ఇది మనిషి శ్రద్ధ మీద భారం వేయదు. పగలంతా పొలంలో ఉన్నవాడికి రాత్రి ఇంకో పని గుర్తుపెట్టుకోమని చెప్పదు. పనిచేసే ప్రతిసారీ తెరుచుకోవడం, ఆగిన ప్రతిసారీ మూసుకోవడం దాని ఆకారంలోనే ఉంది. మంచి పనితనానికి నేను చూసే కొలత అదే: వాడేవాడి మరుపును కూడా ముందే లెక్కలోకి తీసుకుందా లేదా.

కొనేటప్పుడు దుకాణంలోనే పరీక్షించవచ్చు. పట్టీని నిలువుగా పట్టుకుని మూతను వేలితో పూర్తిగా పైకెత్తి వదలండి. మధ్యలో ఆగకుండా పడిపోవాలి. మళ్లీ చిన్నగా ఊదినట్టు వేలి కొసతో తాకితే కదలాలి. గొట్టం బయటి వ్యాసం కొలిచి సరైన సైజు తీసుకోండి. వానాకాలం ముందు ఒకసారి పిన్ను చుట్టూ మసి గీకి తుడిస్తే చాలు. ఇప్పటికే మూత లేకుండా పెద్ద వానలో నిలిచిన బండి అయితే సెల్ఫ్ మాత్రం కొట్టకండి. మెకానిక్‌ను పిలిచి, ఇంజెక్టర్లు విప్పించి, ఇంజన్‌ను చేత్తో తిప్పించి నీళ్లు బయటికి పంపించాకే స్టార్ట్ చేయండి. ఆ తర్వాత అదే రోజున మూత బిగించండి.