90 సెకన్ల నిరీక్షణ: ఒక విమర్శ

లినక్స్ మొదలవుతూ తెరపై ‘టీపీఎం’ పేరు చూపి 90 సెకన్లు ఆగిపోతే డిస్క్ పాడైందని కంగారు పడకండి. టీపీఎం అంటే తాళాలను భద్రపరిచే చిప్. సిస్టమ్‌డీ 256వ వెర్షన్ (జూన్ 2024) నుంచి, ఈ చిప్ ఉందని ఫర్మ్‌వేర్ చెబితే లినక్స్ దానికోసం ఎదురుచూస్తుంది. కెర్నల్‌లో తగిన డ్రైవర్ లేకపోతే చిప్ కనిపించదు. గడువు పూర్తిగా గడవాల్సిందే.

బద్వేలు బస్సు వస్తుందని బోర్డు మీద ఉంది కాబట్టి, మైదుకూరులో ప్రొద్దుటూరు బస్సును ఆపి ఉంచినట్లుంటుంది ఇది. అవతలి బస్సు బయలుదేరిందా అని అడిగినవారు లేరు.

ఎదురుచూడటం తప్పు కాదు. డిస్క్ తాళం చిప్‌లో ఉంటే అది అవసరమే. తాళం అక్కడ లేని కంప్యూటర్‌నూ ఆపడం, ఎందుకు ఆగిందో చెప్పకపోవడం ఈ రూపకల్పనలోని లోపాలు.

‘బయోస్‌లో చిప్‌ను ఆపేయండి’ అనే సలహా అంతకంటే ప్రమాదకరం. అదే కంప్యూటర్‌లోని విండోస్‌కు బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ అడుగుతుంది. అది మీ దగ్గర లేకపోతే ఫైళ్లు దక్కవు.

కనుక ముందు ‘జర్నల్‌సీటీఎల్ -బీ’ ఆదేశంతో ఏ పరికరం దగ్గర గడువు ముగిసిందో చూడండి. తర్వాత కెర్నల్‌ను నవీకరించి డ్రైవర్ వచ్చిందేమో పరీక్షించండి. రాకపోతే, లినక్స్ డిస్క్ తాళం చిప్‌లో లేదని తేల్చుకున్నాకే ‘సిస్టమ్‌డీ.టీపీఎం2_వెయిట్=0’ అనే కెర్నల్ ఐచ్ఛికం చేర్చండి. చిప్ అలాగే ఉంటుంది, నిరీక్షణ మాత్రమే పోతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: చిప్‌ను ఆపడానికీ, నిరీక్షణను ఆపడానికీ తేడా ఏమిటి?