రోజుకో సశేషం

నవల రాయాలని ఉంది, తీరికే దొరకడం లేదు అనేవాళ్లు నాకు తరచూ తారసపడుతుంటారు. హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో ఒక సాయంత్రం తిరిగితే చాలు, ఈ మాట ఇద్దరు ముగ్గురి నోట వినబడుతుంది. ఒకరు బ్యాంకులో క్యాషియర్, ఒకరు ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు, ఇంకొకరు నైట్ షిఫ్టులో పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కథ వాళ్ల దగ్గర ఉంది. ఊరుంది, మనుషులున్నారు, చెప్పి తీరాలన్న తపన ఉంది. ఆర్నెల్లు సెలవు దొరికినప్పుడో, రిటైరయ్యాకనో మొదలుపెడదామని ఆగుతున్నారు. వాళ్లకు నేను ప్రతిసారీ ఒకటే చెబుతాను. నవలకు ఆర్నెల్ల తీరిక అక్కర్లేదు, ఆర్నెల్లపాటు రోజూ ఒక గంట కావాలి. ఈ రెండూ ఒకటి కావు.

మన దగ్గర నవలా రచన గురించి ఎక్కువగా చెప్పుకునే కథ 'వేయిపడగలు'ది. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పెట్టిన నవలల పోటీ కోసం విశ్వనాథ సత్యనారాయణ చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాశారని, అంత పెద్ద నవల నెల తిరక్కుండానే పూర్తయిందని అంటారు. అది విన్న కొత్త రచయితకు నవలంటే పూనకం లాంటిదని, అది వచ్చిననాడు దానంతట అదే సాగిపోతుందని అనిపిస్తుంది. కానీ ఆ వేగం వెనక ఏళ్ల తరబడి పద్యంతో, పురాణంతో చేసిన సాధన ఉంది. అలాంటి ధార అందరికీ ఉండదు. అది లేనివాళ్లకు నవల దక్కదా అంటే, మన నవలా చరిత్ర భేషుగ్గా దక్కుతుందనే చెబుతోంది. రావిశాస్త్రి విశాఖపట్నంలో ప్లీడరు. బుచ్చిబాబు ఆకాశవాణి ఉద్యోగి. దాశరథి రంగాచార్య సికింద్రాబాదులో మునిసిపల్ ఉద్యోగి. కొడవటిగంటి కుటుంబరావు దాదాపు మూడు దశాబ్దాలు 'చందమామ' పని చూస్తూనే పెద్దలకోసం రాశారు. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకు వైద్యం చేసిన డాక్టర్ కేశవరెడ్డి, చిత్తూరు సీమ మనుషుల్ని నవలల్లో నిలబెట్టారు. జీతం తెచ్చే పని ఒకటి చేస్తూనే వీళ్లంతా రాశారు.

ఉద్యోగం చేస్తూ రాయడమెలాగో అందరికంటే విడమరిచి చెప్పినవాడు ఆంథనీ ట్రాలప్. పందొమ్మిదో శతాబ్దపు ఈ ఇంగ్లిష్ నవలాకారుడు తపాలా శాఖలో పనిచేసేవాడు. ఉదయం ఐదున్నరకల్లా బల్ల ముందు కూర్చునేవాడు. వేళకు కాఫీ తెచ్చి తనను లేపే పనివాడికి ఏడాదికి ఐదు పౌన్లు అదనంగా ఇచ్చేవాడు. ఎదురుగా గడియారం పెట్టుకుని పావుగంటకు 250 మాటలు రాయాలని నియమం పెట్టుకున్నాడు. ఏ రోజు ఎన్ని పేజీలు రాశాడో డైరీలో నమోదు చేసేవాడు, ఏమీ రాయని రోజు ఆ ఖాళీ గడి కళ్లబడేలా. అలా 47 నవలలు రాశాడు. ఆయన పోయాక 1883లో ఆత్మకథ అచ్చయి ఈ సంగతులు బయటపడితే, సాహిత్యాన్ని గుమస్తా పని చేశాడని నొచ్చుకున్నవాళ్లున్నారు. నాకు మాత్రం అందులో గొప్ప వినయం కనబడుతుంది. తన మీద సరస్వతి కరుణ ఎప్పుడు కురుస్తుందా అని ఆకాశం కేసి చూడకుండా, రోజూ వేళకు పనిలోకి వచ్చిన మనిషి అతను.

ట్రాలప్ పద్ధతిలో అందరూ ఆ 250 మాటల లెక్కనే గుర్తుపెట్టుకుంటారు. నా దృష్టిలో అసలు కీలకం అతని మొదటి అరగంటలో ఉంది. ఆ అరగంట అతను కొత్తగా ఏమీ రాసేవాడు కాదు, నిన్న రాసింది చదువుకునేవాడు. చెవిని మళ్లీ నవల శ్రుతిలోకి తెచ్చుకోవడమన్నమాట. తెలుగులో రాసేవాళ్లకు ఈ అరగంట మరీ అవసరం. రాయడం ఆపి వారం గడిస్తే కథ మర్చిపోము, పాత్రల పేర్లూ మర్చిపోము. ముందు జారిపోయేది యాస. పాలమూరు ముసలమ్మ, కళింగాంధ్ర కూలీ, కదిరి లారీ డ్రైవరు, ఎవరైనా సరే, వారం తర్వాత మనం కలం పట్టేసరికి పేపరు భాష మాట్లాడటం మొదలుపెడతారు. వాక్యం తప్పుండదు, మనిషే మారిపోతాడు. అందుకే నేను కూర్చోగానే నిన్నటి చివరి రెండు పేజీలు పైకి చదువుతాను. సంభాషణలైతే గొంతు మార్చి మరీ చదువుతాను. ఆ మనిషి మాట చెవిలో పడ్డాకే కొత్త వాక్యం మొదలవుతుంది. రోజూ రాయమనడం వెనక ఉన్న అసలు కారణం ఇదే. పేజీలు పెరగడం తర్వాతి సంగతి. రెండు పూటల మధ్య ఎడం పెరిగేకొద్దీ నవల లోకంలోకి తిరిగి వెళ్లడానికే ఆ గంట కాస్తా ఖర్చైపోతుంది.

ఇక ఎంత రాయాలన్నది. ట్రాలప్ లెక్క మనకు కుదరదు. ఇంగ్లిష్‌లో నాలుగు మాటలు పట్టేదాన్ని తెలుగు ఒక్కోసారి ఒకే మాటలో ఇముడ్చుకుంటుంది. కాబట్టి మన మాట బరువు వేరు. డెమ్మీ సైజు పేజీకి 200 మాటలు అనుకుందాం. 200 పేజీల నవలకు 40 వేల మాటలు కావాలి. రోజుకు 250 మాటలు రాస్తే 160 రోజుల్లో చిత్తుప్రతి చేతికొస్తుంది. 250 మాటలంటే నోటుబుక్కులో పేజీన్నర, రెండు పేజీలు. చాలా తక్కువనిపిస్తుంది. తక్కువగానే ఉండాలి. ఒంట్లో బాగాలేని రోజు కూడా, ఇంటికి చుట్టాలొచ్చిన రోజు కూడా పూర్తిచేయగలిగినంతే పెట్టుకోవాలి. ఊపు వచ్చిన రోజు ఎక్కువ రాసుకోవచ్చు, దాన్ని రేపటి ఖాతాలో మాత్రం వేయకూడదు.

రాయడం ఎక్కడ ఆపాలన్నది అంతకంటే ముఖ్యం. తర్వాత ఏం జరుగుతుందో ఇంకా తెలిసి ఉండగానే ఆ రోజుకు ఆపేయాలని హెమింగ్వే చెప్పేవాడు. అధ్యాయం ముగించి తృప్తిగా లేచామా, మర్నాడు కొత్త అధ్యాయం ముందు ఏమీ తోచక కూర్చుంటాం. గడప దాటబోతున్న మనిషిని గడపలోనే వదిలేసి లేస్తే, మర్నాడు వాడి వెంటే మనమూ నడిచి వెళ్లొచ్చు. ఇది తెలుగు రచయితలకు కొత్త విద్యేం కాదు. వారంవారం సశేషం రాసిన జాతి మనది.

1960ల నుంచి 80ల దాకా తెలుగు నవలను నడిపించింది పత్రికలే. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి, ఆంధ్రభూమి వారపత్రికలు, జ్యోతి, యువ లాంటి మాసపత్రికలు సీరియల్ కోసం ఎదురుచూసే పాఠకుల్ని పెంచాయి. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' జ్యోతిలో వచ్చింది. చార్టర్డ్ అకౌంటెంట్ అయిన యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ఆంధ్రభూమిలో వచ్చింది. ప్రెస్సు రచయిత మూడ్ కోసం ఆగదు. రచయితకు జ్వరం వచ్చినా, ఇంట్లో పెళ్లి ఉన్నా ఆ వారం భాగం ఆ వారమే అందాలి. అంటే దినచర్యను రచయిత కట్టుకోకపోయినా గడువే కట్టించేది. ఆ పత్రికల్లో చాలావరకు ఇవాళ లేవు. ప్రతిలిపి లాంటి యాప్‌లలో 'తర్వాతి భాగం ఎప్పుడు?' అని అడిగే పాఠకులు మళ్లీ కనబడుతున్నారు, అది సంతోషించాల్సిన విషయం. అయినా నేరుగా పుస్తకంగా తేవాలనుకునే రచయితను ఇవాళ ఎవరూ అడగరు. తనకు తానే సంపాదకుడిగా మారి గడువు పెట్టుకోవాలి. నేను గోడ మీది క్యాలెండర్లో రోజూ ఆగిన పేజీ నంబరు వేస్తాను. నా గడువు అదే.

సీరియల్ నేర్పనిది కూడా ఒకటుంది. అచ్చయిన భాగాన్ని వెనక్కి తీసుకోలేం. కథ సాగదీస్తున్నారన్న విమర్శ కొన్ని సీరియళ్ల మీద రావడానికి అదొక కారణం. మన దినచర్యలో దిద్దడానికి వేరే వేళ ఉండాలి. ఉదయం రాస్తూ రాస్తూ అదే పూట దిద్దడం మొదలుపెడితే మొదటి అధ్యాయం నిగనిగలాడుతుంది, రెండోది పుట్టదు. వారం రోజుల పేజీలను ఆదివారం సావకాశంగా చదివి, మార్జిన్లో గుర్తులు పెట్టుకోవడం నా అలవాటు. పూర్తిగా తిరగరాయడం చిత్తుప్రతి ముగిశాకే.

ఆ గంట తెల్లవారుజామునే ఉండాలన్న నియమం లేదు. ఈజిప్టులో నగీబ్ మహ్‌ఫూజ్ 1971లో రిటైరయ్యేదాకా ప్రభుత్వోద్యోగి, ఆఫీసు అయ్యాక రాసుకునేవాడు. 1988లో ఆయనకు నోబెల్ వచ్చింది. అమెరికాలో టోనీ మారిసన్ ప్రచురణ సంస్థలో ఎడిటరుగా పనిచేస్తూ, ఇద్దరు కొడుకులను ఒంటరిగా పెంచుతూ, వాళ్లు లేవకముందు చీకట్లో రాసుకునేది. ఏ వేళైనా సరే, అది రోజూ ఒకే వేళ అయితే మనసు తనంతట తానే సిద్ధమై వస్తుంది.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ గంటను ఎవరు ఇస్తారు? మగవాడు రాస్తుంటే ఇల్లంతా గుసగుసగా మాట్లాడుతుంది. ఆడమనిషి రాస్తుంటే కుక్కరు విజిళ్లు ఆమే లెక్కపెట్టాలి, లంచ్ బాక్సు ఆమే కట్టాలి. పాలప్యాకెట్ తీసుకోవడం, టిఫిన్ చేయడం, పిల్లల్ని లేపడం ఇంకొకరు తీసుకున్నప్పుడే ఆమెకు గంట దొరుకుతుంది. దినచర్య రచయిత ఒక్కరి పట్టుదలతో నిలబడదు. ఇంట్లోవాళ్ల పనుల పంపకంలో అది నిలుస్తుంది. పక్కమనిషి రాస్తున్నారని తెలిసినవాళ్లు ఇవ్వగల అతి పెద్ద ప్రోత్సాహం ఆ గంటే. పుస్తకావిష్కరణనాడు కప్పే శాలువా దానిముందు ఎంత?

నవలకు దండిగా తీరిక కావాలని నమ్మినంతకాలం, తీరిక ఉన్నవాళ్ల జీవితాలే నవలల్లోకి వస్తాయి. రోజూ డ్యూటీకి వెళ్లే నర్సు చూసిన వార్డు, ఆర్టీసీ కండక్టరు చూసిన జనం, రాత్రంతా మేలుకుని పనిచేసే కుర్రవాడి గది, వాళ్లు రాస్తే తప్ప మనకు తెలియవు. రావిశాస్త్రికి కోర్టు వరండా ఇచ్చింది అలాంటి ముడిసరుకునే. ఆ నవలలు మనకు కావాలి. కాబట్టి రాయాలనుకుంటున్నవాళ్లు సెలవుకోసం చూడకండి. మీ గంట ఏదో ఈ రాత్రే తేల్చుకుని ఇంట్లో చెప్పండి. ఆ వేళ ఏ పనులు ఎవరు చూస్తారో కూడా అప్పుడే మాట్లాడుకోండి. రేపు 250 మాటలు రాయండి, ఎల్లుండి వాటిని పైకి చదివి ఇంకో 250 రాయండి.