మూడు గంటల్లో కొలిచే చదువు

ఎం.ఏ. తెలుగు సిలబస్‌లోకి ఆదివాసీ సాహిత్యం వచ్చిందని మనం సంతోషపడుతున్నాం. పడాల్సిందే. కానీ సిలబస్ చూసి ఆగిపోతున్నాం, ప్రశ్నపత్రం దాకా వెళ్లడం లేదు. ఒక చదువు దేన్ని గౌరవిస్తుందో పాఠ్యాంశాల పట్టిక చెప్పదు. మార్కులు దేనికి పడుతున్నాయో చూస్తే తెలుస్తుంది.

నిర్మాణం మీకు తెలిసిందే. రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు, ఒక్కోదాంట్లో నాలుగైదు పేపర్లు, ఒక్కో పేపర్‌లో నాలుగైదు యూనిట్లు. విశ్వవిద్యాలయాన్ని బట్టి ఇంటర్నల్‌కు 20 గానీ 30 గానీ, మిగతాది సెమిస్టర్ చివరి రాతపరీక్షకు. 2015లో యూజీసీ మార్గదర్శకాలు ఇచ్చిన సీబీసీఎస్ పద్ధతిలో మార్కులు పది పాయింట్ల గ్రేడ్లుగా మారతాయి. ఆ పద్ధతి పేరులోనే ‘ఎంపిక’ అన్న మాట ఉంది. ఇద్దరు ముగ్గురు అధ్యాపకులున్న శాఖలో ఎంపిక ఎవరిది? ఆ ఏడాది సారుకు ఏది చెప్పడం వీలైతే అదే అందరూ కోరుకున్న ఐచ్ఛికం.

ఇక ప్రశ్న. ‘గోండుల ఆచార వ్యవహారాలను వివరించండి’ లేదా ‘దండారి – లఘుటీక’. ఉట్నూరు వైపు పర్ధాన్ కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థి ఈ ప్రశ్న ముందు కూర్చున్నాడనుకోండి. ఇంట్లో మరాఠీ కలిసిన మాట, పాట గోండీలో, పరీక్ష తెలుగులో. వాళ్ల పెద్దలు కిక్రీ వాయిస్తూ పెర్సాపేన్ పూజల్లో గోండుల వంశాల కథ పాడేవాళ్లు. నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవుళ్ల సగలు ఎలా విడిపోయాయో, ఏ సగకు ఏ కథ పాడాలో ఆ కుర్రాడు చిన్నప్పటి నుంచి వింటున్నాడు. అదంతా పది మార్కుల జవాబులో ఎక్కడ పడుతుంది? గైడులో ఉన్న ఆరు పాయింట్లు రాసినవాడికి ఏడు మార్కులొస్తాయి. ఇంట్లో విన్నది రాసినవాడి పేపరు దిద్దేవారికి కొత్తగా ఉంటుంది. స్పాట్ వాల్యుయేషన్‌లో రోజుకు ఇన్ని పేపర్లని లెక్క ఉన్నప్పుడు కొత్తదాన్ని ఆగి చదివే తీరిక ఎవరికుంది? అక్కడ తప్పు దిద్దే మనిషిది కాదు. తెలిసిన పాయింటు కనిపిస్తే టిక్కు పెట్టేలా ప్రశ్నే తయారైంది.

ఇంకో చిత్రం చూడండి. దండారి, గుస్సాడీ ఆడేది దీపావళి ముందు రోజుల్లో. ఆ రోజుల్లో ఊళ్లో ఉన్న విద్యార్థికి కాలేజీలో గైర్హాజరు పడుతుంది, 75 శాతం హాజరు లెక్కలో కోత పడుతుంది. తరగతిలో కూర్చుని దండారి యూనిట్ రాసుకున్నవాడికి మాత్రం హాజరు.

భాష సంగతి. మన పిల్లల పేపర్లలో మొదట కనిపించేవి ఒత్తుల తప్పులే. ‘భాష’ను ‘బాష’ అని రాస్తే దిద్దేవారికి చిరాకు. అదే కోర్సులో బాలవ్యాకరణం చదివిస్తారు. చిన్నయసూరి తెలుగుకు లెక్కగట్టిన 36 వర్ణాల్లో ఒత్తక్షరాలు లేవు, అవి సంస్కృతంతో వచ్చినవి. ఆ సంగతి రాసినందుకు మార్కు ఇచ్చే పరీక్షే, ఆ ఒత్తులు తప్పినందుకు మార్కు కోస్తుంది! ఒత్తులు నేర్చుకోవద్దని నేననను, ఉద్యోగానికి అవి కావాలి. ఒక విద్యార్థి ఆలోచన బరువును అతని ఒత్తులతో తూచడం మాత్రం అన్యాయం.

అయితే రాతపరీక్ష రద్దు చేయమనే మిత్రులతో నేను కలవను. రాతపరీక్షలో మనకొక రక్షణ ఉంది. పేపరు మీద కోడ్ నంబరే ఉంటుంది, ఇంటిపేరు కనపడదు, తాండా, గూడెం కనపడవు. ఇంటర్నల్, వైవా అలా కాదు, మనిషి ఎదురుగా ఉంటాడు. ఇంటర్నల్‌లో తరగతిలో ఆదివాసీ పిల్లలందరికీ ఒకే మార్కు, అదీ అడుగున, పడిన పట్టిక నేను చూశాను. కాబట్టి ప్రాజెక్టు, వైవా పెంచమని అడిగేటప్పుడు దేనికి ఎన్ని మార్కులో ముందే కాగితం మీద చూపించమని, ఇద్దరు దిద్దాలని, అందులో ఒకరు బయటివారై ఉండాలని కూడా కలిపి అడగాలి. ఈ షరతులు లేని సంస్కరణ మనకు ఎదురు తిరుగుతుంది.

ఇలా అడగడానికి ఇది సమయం. 2022 నవంబరు నిబంధనలతో యూజీసీ ఎం.ఫిల్. తీసేసింది. అంటే పరిశోధన మొదట నేర్చుకోవాల్సిన చోటు ఇప్పుడు ఎం.ఏ.యే. 2024లో వచ్చిన పీజీ పాఠ్యప్రణాళిక చట్రం రెండో ఏడాదికి మూడు దారులు చూపింది: కోర్సులు మాత్రమే, కోర్సులూ పరిశోధనా కలిపి, లేదా పరిశోధన మాత్రమే. మొదటి దారిలో ఖర్చూ లేదు, శ్రమా లేదు కనుక చాలా శాఖలు అదే పట్టుకుంటాయని నా అనుమానం. మన పిల్లలకు కావాల్సింది రెండోది. సీబీసీఎస్ లెక్కలో క్షేత్రపనికి వారానికి రెండు గంటలు ఒక క్రెడిట్. పదిహేను వారాల సెమిస్టర్‌లో నాలుగు క్రెడిట్లంటే 120 గంటలు. ఆ గంటలు దీపావళికి గూడెంలో గడపనివ్వండి. రికార్డు చేసిన పాట, దాని రాతప్రతి, తెలుగు అర్థం, పాడినవారి పేరు, అనుమతి. ఇవి ఇస్తే శాఖ గ్రంథాలయానికీ ఏదో మిగులుతుంది. ఇప్పుడు మిగులుతున్నవి నెట్ సెంటర్‌లో ఒకరిది చూసి ఒకరు కొట్టించుకున్న బైండింగులు.

ఇదంతా జరిగే పనేనా అనేవారు రాంచీ వైపు చూడాలి. అక్కడి విశ్వవిద్యాలయంలో ముండారీ, హో, ఖడియా, సంతాలీ, కురుఖ్ భాషల్లో ఎం.ఏ. ఉంది. కురుఖ్ మన తెలుగుకు, గోండీకి, కువికి చుట్టమే, ద్రావిడ భాష. నెట్ పరీక్షలో గిరిజన, ప్రాంతీయ భాషలకు విడి సబ్జెక్టు కూడా ఉంది. అక్కడి డిగ్రీలు లోపం లేనివని కాదు. ఇంటి భాషలో ఎం.ఏ. అన్నది ఊహ కాదని మాత్రం అవి చూపిస్తున్నాయి.

దిద్దేవారెవరన్నది అసలు చిక్కు. కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన కన్నుమూశారు. సమ్మక్క సారలమ్మల కథ మీద విద్యార్థి రాసిన ప్రాజెక్టును అలాంటి మనిషి కంటే బాగా ఎవరు తూచగలరు? డిగ్రీ లేనివారిని పిలవకూడదని శాఖలు అంటాయి. అదే 2022లో యూజీసీ ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ మార్గదర్శకాలు ఇచ్చింది. తమ రంగంలో పేరున్నవారికి డిగ్రీ తప్పనిసరి కాదని అందులోనే ఉంది. డోలి పట్టినవారినీ కిక్రీ పట్టినవారినీ ఆ దారిన పిలవమని అడగవచ్చు.

పాఠ్యప్రణాళిక సంఘాల్లో ఇప్పుడు మనవాళ్లు అక్కడొకరు ఇక్కడొకరు ఉన్నారు. వాళ్లకు నాదొక విన్నపం. కొత్త యూనిట్ చేర్చమని అడిగే ముందు పాత ప్రశ్న ఒకటి మార్చి చూడండి. ‘దండారి – లఘుటీక’ తీసేసి ఇలా అడగండి: ‘దండారి గురించి మీరు చదివిన పాఠానికీ, మీరు చూసిన లేదా ఆడినవారిని అడిగి తెలుసుకున్నదానికీ తేడా ఎక్కడ? ఆ తేడా ఎందుకు వచ్చిందనుకుంటున్నారు?’ మైదానం నుంచి వచ్చిన విద్యార్థి కూడా దీనికి జవాబు రాయగలడు. రాయాలంటే ఒకసారి గూడేనికి వెళ్లి రావాలి, అంతే.